మూడు రాత్రుల క్యోటో: అత్తగారి మోకాళ్ళను బట్టి ప్రయాణం వేసుకోండి

ప్రశ్న: మా తమ్ముడు జపాన్‌లోని కవసాకిలో ఉద్యోగం చేస్తున్నాడు. దసరా సెలవులకు నేను, మావారు, పదేళ్ళ బాబు, మా అత్తగారు వాడి దగ్గరికి వెళ్తున్నాం. మధ్యలో మూడు రాత్రులు క్యోటోలో ఉండి రావాలని ఆశ. తమ్ముడికి సెలవు దొరకదు కాబట్టి మేమే వెళ్ళాలి. మావారు వీడియోలు చూసి 22 చోట్లతో జాబితా రాశారు. అందులో నారా, ఒసాకా కూడా ఉన్నాయి. అత్తగారికి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. గుడ్డు కూడా ముట్టరు. ‘నేను కవసాకిలోనే ఉంటాను, మీరు తిరిగి రండి’ అంటున్నారు. ఆవిడను వదిలి వెళ్ళడానికి మనసొప్పడం లేదు, తీసుకెళ్తే ఇబ్బంది పడతారేమోనని భయం. రైలు పాస్ కొనాలా? ఎక్కడ బస చేయాలి? ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి? ఆవిడకు తిండి ఎలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: అత్తగారిని తీసుకెళ్ళండి. జాలితో అనడం లేదు. మీ నలుగురిలో ఆ ఊరు ఎక్కువగా పలకరించేది ఆవిడనే. ఏనుగునెక్కిన ఇంద్రుడు, హంసల మీద కూర్చున్న బ్రహ్మ, వేణువు ఊదే గరుత్మంతుడు క్యోటో గుళ్ళలో ఉన్నారు. మీవారు ఫోనులో వెతికి తెలుసుకోవలసిన సంగతులు ఆవిడ చూడగానే గుర్తుపడతారు. ఇంకో లాభం కూడా ఉంది. 22 చోట్ల జాబితాను మీరు కొట్టేస్తే మీవారు ఊరుకోకపోవచ్చు. వాళ్ళమ్మ మోకాళ్ళ కోసమంటే కొట్టేయడానికి మారుమాట్లాడరు. ఆ జాబితా ఎలాగూ సాగేది కాదు.

ఎందుకు సాగదో చెబుతాను. క్యోటో మూడు వైపులా కొండలున్న పళ్ళెం లాంటి ఊరు. పేరున్న చోట్లు చాలావరకు ఆ పళ్ళెం అంచుల మీద ఉన్నాయి. కియోమిజు తూర్పున, కింకకు వాయవ్యాన, గింకకు ఈశాన్యాన, ఫుషిమి ఇనారి దక్షిణాన, అరషియామా బాగా పడమటన. ఊళ్ళో భూగర్భ రైలు మార్గాలు రెండే, అవి వీటిలో చాలావాటి దాకా వెళ్ళవు. మిగిలింది సిటీ బస్సు. యాత్రికుల రద్దీకి తట్టుకోలేక నగరపాలక సంస్థ బస్సుల ఒక్కరోజు పాస్‌నే ఎత్తేసింది. ఆ బస్సుల్లో అత్తగారిని నిలబెట్టి ఊరి ఈ అంచు నుంచి ఆ అంచుకు తిప్పడం కన్నా కవసాకిలో వదిలి రావడమే మేలు. పైగా చాలా గుళ్ళు సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు, 4:30 తర్వాత లోపలికి రానివ్వరు. రాత్రి తొమ్మిదింటిదాకా దర్శనాలుండే మన క్షేత్రాల లెక్క అక్కడ పనికిరాదు. అందుకని రోజుకు ఊరి ఒక్క వైపే పెట్టుకోండి. పొద్దున్నే బయలుదేరండి, మధ్యాహ్నం గదికి వచ్చి కాళ్ళు చాపుకోండి.

ఇంకో మాట ముందే చెప్పడం మంచిది. 794 నుంచి వెయ్యేళ్ళకు పైగా రాజధానిగా ఉన్న నగరం కదా అని రైలు దిగగానే పాతకాలపు వీధులు ఎదురొస్తాయని బాబు ఆశపడతాడు. ఎదురయ్యేది ఉక్కు, గాజుతో కట్టిన బ్రహ్మాండమైన స్టేషన్, దాని ముందు 131 మీటర్ల టవర్, ఆ వెనక మామూలు కాంక్రీటు మేడలు. 1945లో అణుబాంబు వేయవలసిన ఊళ్ళ జాబితాలో క్యోటో కూడా ఉండేది. అమెరికా యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ పట్టుబట్టి దాన్ని తీయించాడు. బాంబు తప్పింది కానీ ఆ తర్వాతి కట్టడాల జోరు తప్పలేదు. పాత ఊరు అక్కడక్కడ గూళ్ళు కట్టుకుని ఉంది, వెతుక్కుంటూ వెళ్ళాలి. ఇంతకీ ఆ గుళ్ళు కూడా చాలావరకు ఒకటికి రెండుసార్లు కాలిపోయి, మళ్ళీ కట్టినవే.

ఇక రైలు సంగతి. దేశమంతా తిరిగే ఏడు రోజుల జపాన్ రైల్ పాస్ మీకు వద్దు. 2023 అక్టోబరులో దాని ధరను 29,650 యెన్‌ల నుంచి ఒక్కసారిగా 50,000కు పెంచారు. తోక్యో నుంచి క్యోటోకు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో ఒకవైపు టికెట్ సుమారు 14,000 యెన్‌లు, మీరు ఎక్కే చోటు నుంచి ఇంకొంచెం తక్కువే. రానూపోనూ కలిపినా పాస్ ధరకు దరిదాపుల్లోకి రాదు. బాబుకు సగం టికెట్టే. మీ తమ్ముడు ఉండేది కవసాకి కాబట్టి తోక్యో స్టేషన్ దాకా వెనక్కి వెళ్ళే పని లేదు, షిన్-యోకొహామాలో ఎక్కండి. నొజోమి అనే వేగం షింకన్‌సెన్ రైళ్ళన్నీ అక్కడ ఆగుతాయి. క్యోటోకు సుమారు రెండు గంటలు. ఒక వరుసలో ఒకవైపు మూడు సీట్లు, ఇంకోవైపు రెండు ఉంటాయి. రెండు సీట్ల వైపు, ముందూ వెనకా వరుసల్లో నాలుగు తీసుకోండి. వాటి అక్షరాలు డి, ఇ. క్యోటో వెళ్ళేటప్పుడు ఫుజి కొండ కనిపించేది ఆ వైపే. మబ్బు లేకపోతే బయలుదేరిన అరగంటలోపే కిటికీలోకి వచ్చేస్తుంది, బాబును అప్పటిదాకా నిద్రపోనివ్వకండి.

పెద్ద సూట్‌కేసులు తమ్ముడింట్లోనే వదిలేయండి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు ఆ రైల్లో ముందుగానే ప్రత్యేకమైన సీటు తీసుకోవాలి. మూడు రాత్రులకు మనిషికొక చేతిసంచి చాలు. తమ్ముడి దగ్గర రైలు, బస్సు ఛార్జీకి గీకే సుయికా, పాస్మో లాంటి కార్డులు ఉంటే అడిగి తీసుకోండి, క్యోటో, నారాల్లో కూడా పనిచేస్తాయి. మనిషికొకటి ఉండాలి, ఒకే కార్డు నలుగురికీ గీకడం కుదరదు.

బస విషయంలో వీడియోలు మిమ్మల్ని తప్పకుండా ఒక మచియాలోకి లాగుతాయి. మచియా అంటే పాతకాలపు చెక్క ఇల్లు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. పడక మాత్రం నేలమీద పరుపు. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, స్నానాలగది చాలా ఇళ్ళలో కిందే. రాత్రి రెండుసార్లు లేచే మనిషికి అది శిక్ష. మంచాలు, లిఫ్టు, చిన్న వంటగట్టు ఉండే అపార్ట్‌మెంట్ హోటల్ వెతకండి. క్యోటో స్టేషన్‌కు నడిచే దూరంలో కానీ, కరసుమా భూగర్భ రైలు మార్గంలో గోజో, షిజో స్టేషన్ల దగ్గర కానీ ఉంటే చాలు. మామూలు హోటళ్ళలో నలుగురు పట్టే గది అరుదు, గది అద్దె కూడా తరచు మనుషుల లెక్కనే కడతారు. నగరం వసూలు చేసే వసతి పన్ను విడిగా ఉంటుంది. వంటగట్టు ఎందుకన్నానో తిండి దగ్గర చెబుతాను.

మొదటి రోజు పదకొండుకల్లా క్యోటోలో దిగండి. సామాను హోటల్లో ఇచ్చేసి, భోంచేసి, టాక్సీలో సంజూసంగెన్-దోకు వెళ్ళండి. మీరు నలుగురు కాబట్టి ఊళ్ళో చిన్న దూరాలకు టాక్సీ బస్సుకన్నా పెద్ద ఖరీదేం కాదు. నాలుగు బస్సు టికెట్లు కలిపితే ఇంచుమించు అంతే తేలుతుంది. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, మీరు లాగకండి.

జాబితాలో సంజూసంగెన్-దో ఏ పదిహేడో స్థానంలోనో ఉండి ఉంటుంది. నేను మొదట పెడతాను. బయటినుంచి చూస్తే 120 మీటర్ల పొడవున్న ఒక చెక్క మండపం, అంతే. చెప్పులు విడిచి లోపలికి వెళ్తే మెట్ల వరుసలా పేర్చిన వేదికల మీద నిలువెత్తు కన్నోన్ విగ్రహాలు, మధ్యనున్న పెద్ద విగ్రహంతో కలిపి 1,001. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడు. 1249లో పాత మండపం తగలబడినప్పుడు 124 విగ్రహాలను బయటికి తేగలిగారు. మిగిలినవి ఆ తర్వాత చెక్కినవి. ఇప్పుడున్న మండపం 1266 నాటిది. వీటి ముందు వరుసలో 28 మంది పరివార దేవతలు నిలబడి ఉంటారు. అత్తగారిని నెమ్మదిగా నడవనివ్వాల్సింది ఇక్కడే. పక్షి ముక్కుతో వేణువు పట్టుకున్న గరుత్మంతుడు ఉంటాడు. ఎముకలు లెక్కపెట్టగలిగేంత చిక్కిన ఒక ముసలి ముని కర్ర పట్టుకుని వంగి ఉంటాడు, ఆయన పేరు బసు. మన వసువే. రెండు చివర్లా గాలి మూటను భుజాల మీద మోసే వాయుదేవుడు, చుట్టూ డప్పులు కట్టుకున్న ఉరుముల దేవుడు. కళ్ళకు స్ఫటికం పొదగడం వల్ల మసక వెలుతురులో వాళ్ళు మనల్నే చూస్తున్నట్లుంటుంది. నేల చదునుగా ఉంటుంది, ఎక్కడానికి ఏమీ లేదు. లోపల ఫొటోలు తీయనివ్వరు. మీవారికి ఇబ్బందే, కానీ మిగతా ముగ్గురికీ హాయి.

బాబు విసుక్కుంటే వెనక వరండాకు తీసుకెళ్ళి ఒక కథ చెప్పండి. ఆ వరండాలో ఈ చివర కూర్చుని ఆ చివరికి, చూరుకు తగలకుండా బాణాలు వేసే పోటీలు జరిగేవి. 1686లో వాసా దైహాచిరో అనే కుర్రవాడు ఒక పగలు, ఒక రాత్రి కలిపి 13,053 బాణాలు వేసి 8,133 గురిచేర్చాడు. ఆ రికార్డును ఇంతవరకు ఎవరూ దాటలేదు.

అక్కడినుంచి తోజికి వెళ్ళండి. ఇదీ స్టేషన్‌కు దగ్గరే. దాని అయిదంతస్తుల గోపురం 54.8 మీటర్లు, జపాన్‌లో చెక్క గోపురాలన్నిటిలోకీ ఎత్తయినది. కానీ అందరిలా గోపురం ఫొటో తీసుకుని తిరిగి రాకండి. పక్కనే కోదో అనే మండపంలో 21 విగ్రహాలను మండలంలా అమర్చారు. 823లో ఈ గుడిని చక్రవర్తి నుంచి అందుకున్న కూకై ఆచార్యుడి ఆలోచన అది. అక్కడ నాలుగు ముఖాల బ్రహ్మను నాలుగు హంసలు మోస్తుంటాయి. ఇంద్రుడు ఒక కాలు మడిచి ఏనుగు మీద కూర్చుని ఉంటాడు, జపాన్‌లో అందరికన్నా అందగాడైన దేవుడని పేరు. ప్రతి నెలా 21వ తేదీన ఈ గుడి ఆవరణలో పాత సామాన్ల సంత జరుగుతుంది. మీ తేదీలు దానికి తగిలితే ఆ రోజు పొద్దున్నే ఇటు రండి, పాత కిమోనో గుడ్డలు, పింగాణీ గిన్నెలు బేరానికి దొరుకుతాయి.

రెండో రోజు తూర్పు కొండల అంచు. కియోమిజు గుడి ఉదయం 6 గంటలకే తెరుస్తారు. క్యోటోలో పెద్ద గుళ్ళలో ఇంత పెందలాడే తెరిచేవి తక్కువ. ఆరున్నరకల్లా అక్కడ ఉంటే అది గుడిలా ఉంటుంది, పదింటికి వెళ్తే తిరనాళ్ళలా ఉంటుంది. టాక్సీ ఎంతవరకు వెళ్తే అంతవరకు ఎక్కి వెళ్ళండి, ఆపైన వాలు నడవాలి. గుడిలో మెట్లు తప్పించుకునే దారి ఉంది, ద్వారం దగ్గర అడిగితే చూపిస్తారు. 13 మీటర్ల ఎత్తున స్తంభాల మీద నిలిచిన చెక్క వేదిక 1633లో కట్టినది. అక్టోబరులో మాపుల్ ఆకులు ఎర్రబడవు, అది నవంబరు నడిమి తర్వాతి మాట. ఫొటోల్లో చూసిన ఎరుపు కోసం వెతుక్కుని నిరాశ పడకండి, ఆ ఎరుపు కోసం వచ్చే జనం కూడా ఉండరు కదా.

దిగేటప్పుడు సన్నెన్‌జకా, నినెన్‌జకా వీధులు. రాతిమెట్లు, రెండువైపులా చెక్క దుకాణాలు. ఈ దారి దిగుడే కాబట్టి అత్తగారు చెయ్యి పట్టుకుని దిగగలరు. వాన పడితే మాత్రం రాళ్ళు జారతాయి, వచ్చిన వాలునే వెనక్కి వెళ్ళండి. దుకాణాలు తెరిచేది తొమ్మిది, పది మధ్య. గుడిలో తీరిగ్గా ఉండి దిగితే సరిపోతుంది. మధ్యాహ్నం మీరు, అత్తగారు గదికి వెళ్ళి పడుకోండి. ఆ వేళలో మీవారు, బాబు టాక్సీ వేసుకుని కింకకుకు, అదే బంగారు రేకుల మందిరానికి, వెళ్ళి రావచ్చు. చెరువు ఇవతలి నుంచి చూడడమే, లోపలికి వెళ్ళనివ్వరు. దారి వెంట నడిచి బయటపడడానికి ముప్పావుగంట చాలు. 1950లో ఆ గుడిలోనే శిక్షణలో ఉన్న ఒక యువ భిక్షువు దాన్ని తగలబెట్టాడు. ఇప్పుడు మెరుస్తున్నది 1955లో కట్టినది. అందరూ తప్పనిసరి అంటారు, నా లెక్కలో కాదు. కానీ అది చూడకుండా వస్తే మీవారు ఇంటికొచ్చాక కూడా తలుచుకుంటారు.

సాయంత్రం గీషాల పేట గియోన్‌లో హనామికోజి వీధి దాకా నడిచి రండి. పక్క సందుల్లో ‘ప్రైవేటు దారి’ అని, ప్రవేశిస్తే 10,000 యెన్‌ల జరిమానా అని బోర్డులు ఉంటాయి. 2024 నుంచి వాటిని గట్టిగా అమలుచేస్తున్నారు. దారిలో గెయ్‌కోలు (క్యోటోలో గీషాలను అలా అంటారు), శిక్షణలో ఉన్న మైకోలు కనిపిస్తే వెంటపడి ఫొటోలు తీయకండి. వాళ్ళు పనికి వెళ్తున్న మనుషులు.

మూడో రోజు నారా. జాబితాలో ఇది ఉంచండి, ఒసాకాను తీసేయండి. ఒసాకా కోట అని ఊరించేది 1931లో కాంక్రీటుతో మళ్ళీ కట్టినది. ఆ ఊరికి తిండి కోసం వెళ్తారు, అందులో మీ అత్తగారు తినేది దాదాపు ఉండదు.

నారాకు వెళ్ళేటప్పుడు కింతెత్సు అనే ప్రైవేటు సంస్థ రైలు ఎక్కండి. దాని స్టేషన్ జింకల తోటకు దగ్గర. ఎక్స్‌ప్రెస్ రుసుము కట్టే రైలైతే 35 నిమిషాలు. 710 నుంచి 784 దాకా రాజధాని ఇదే. తోదై-జి గుడిలోని కంచు బుద్ధుడు సుమారు 15 మీటర్ల ఎత్తున కూర్చుని ఉంటాడు. 752లో ఈ విగ్రహానికి కళ్ళు దిద్దిన పురోహితుడు మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు. ఆయన పట్టుకున్న కుంచెకు పొడవాటి దారాలు కట్టి, కొసలు భక్తుల చేతికిచ్చారు, అందరి చేతులూ పడాలని. ఆ కుంచె ఇప్పటికీ అక్కడి షోసోయిన్ భాండాగారంలో ఉంది. మనవైపు మాట కూడా ఒకటుంది. నాగార్జునసాగర్‌కు, నాగార్జునకొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుణ్ణి జపాన్ బౌద్ధులు ర్యూజు అంటారు, ఎనిమిది శాఖలకు మూలగురువుగా కొలుస్తారు. సాగర్ మీదుగా లాంచీలో వెళ్ళినవాళ్ళకు ఆ గుళ్ళలో నిలబడినప్పుడు అది గుర్తురావడం బాగుంటుంది.

జింకల సంగతి జాగ్రత్త. ఆ తోటలో వెయ్యికి పైగా ఉంటాయి, దేవుడి దూతలని వాటిని ఎవరూ ఏమనరు. అందుకే వాటికి భయం లేదు. అమ్మే బిస్కెట్లు బాబు కొని చేత్తో పైకెత్తి ఊరించాడంటే చొక్కా పట్టి లాగుతాయి, కొరుకుతాయి కూడా. అడిగిన వెంటనే ఇచ్చేసి, రెండు చేతులూ ఖాళీగా చూపించాలి. మీరు వెళ్ళేది అక్టోబరు, మగ జింకలు జోడు కోసం పోట్లాడుకునే కాలం. ఆ నెలలోనే వాటి కొమ్ములు కోసే వేడుక కూడా చేస్తారు. కొమ్ములున్న వాటి దగ్గరికి పిల్లవాణ్ణి పోనివ్వకండి. అత్తగారు చీరలో వస్తే పైటకొంగు నడుముకు దోపుకోమనండి. చేతిలో కాగితం ఉంటే అదీ తినేస్తాయి. కసుగా గుడి దాకా నడక ఎక్కువ, వదిలేయండి.

తిరిగి వచ్చేటప్పుడు జేఆర్ (జపాన్ రైల్వే) నారా స్టేషన్ నుంచి రండి, ఆ మార్గంలో ఇనారి స్టేషన్ ఫుషిమి ఇనారి గుడి ఎదురుగానే ఉంటుంది. ఒక్క మెలిక ఉంది. మియాకోజి ర్యాపిడ్ అనే వేగం రైలు ఇనారిలో ఆగదు. అన్ని స్టేషన్లలో ఆగే రైలైనా ఎక్కండి, మధ్యలో దానికైనా మారండి. ఫుషిమి ఇనారికి తలుపులు లేవు, టికెట్టు లేదు, రాత్రంతా తెరిచే ఉంటుంది. అందుకే దాన్ని సాయంత్రానికి పెట్టాను. అక్టోబరు మధ్యలో అయిదున్నరకల్లా పొద్దు కుంకుతుంది. దీపాలు వెలిగాక, జనం పలచబడ్డాక వరుసగా నిలబెట్టిన ఎర్రటి తోరణ ద్వారాల కింద నడవండి. ఇనారి వరికి, వ్యాపారానికి దేవత. ఆ తోరణాలు మొక్కు తీర్చుకున్న వ్యాపారులు, కంపెనీలు ఇచ్చినవి. వెనక్కి తిరిగి చూస్తే ప్రతి స్తంభం మీదా ఇచ్చినవారి పేరు, తేదీ కనిపిస్తాయి. తోరణాలు దట్టంగా ఉండే చోటు మొదటి పావుగంట నడకలోనే వచ్చేస్తుంది, అత్తగారు అక్కడిదాకా చాలు. కొండ ఎత్తు 233 మీటర్లే కానీ పైదాకా అంతా మెట్లు, చుట్టి రావడానికి రెండు మూడు గంటలు. ఓపిక ఉంటే మీవారు, బాబు సగం దాకా ఎక్కి దిగుతారు. మీరిద్దరూ రెండు స్టేషన్ల దూరంలో ఉన్న క్యోటోకు రైల్లో వెళ్ళిపోవచ్చు.

చివరి రోజు అరషియామా. క్యోటో స్టేషన్ నుంచి జేఆర్ రైల్లో పావుగంట, దిగేది సాగా-అరషియామాలో. వెదురు వనం పొడవు తక్కువే, ఎనిమిదిలోపు వెళ్తే గాలికి వెదుళ్ళు రాసుకునే చప్పుడు వినిపిస్తుంది, ఆ తర్వాత వినిపించేది మనుషుల మాటలే. పక్కనే తెన్‌ర్యూ-జి, దాని చెరువు తోట. ఆ గుడి లోపలే షిగెత్సు అనే భోజనశాల ఉంది. ఈ రోజును ఇటు పెట్టడానికి అసలు కారణం అదే.

క్యోటోలో శాకాహారికి శత్రువు మాంసం కాదు, దాషి. ఎండబెట్టి తురిమిన చేపతో కాచిన రసం అది. మిసో సూప్‌లో, నూడిల్స్‌లో, ఉడికించిన కూరల్లో, కొన్ని పచ్చళ్ళలో సైతం ఉంటుంది. ‘చేప ఉందా’ అంటే ‘లేదు’ అని నిజాయితీగానే చెబుతారు, చేప ముక్క కనబడదు కాబట్టి. అందుకని అడిగే తీరు మార్చాలి. మాంసం, చేప, గుడ్డు, చేపతో చేసిన దాషి ఏవీ తినరని తమ్ముడి చేత జపనీస్‌లో ఒక అట్టముక్క మీద రాయించుకోండి. నోటితో చెప్పాలంటే ‘నికు, సకనా, తమాగో, దాషి నుకి దే ఒనెగాయ్ షిమాసు’ అంటే అర్థమవుతుంది. అట్టముక్కే నయం.

బౌద్ధ మఠాల శాకాహార భోజనాన్ని షోజిన్ ర్యోరి అంటారు. రసం సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో కాస్తారు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. షిగెత్సులో దొరికేది అదే, మధ్యాహ్నం పూట మాత్రమే. ముందుగా చెప్పించుకోండి. ఇలాంటి చోట్ల తరచు చాపల మీదే కూర్చోబెడతారు కాబట్టి మోకాళ్ళ సంగతి అప్పుడే చెప్పి కుర్చీకి వీలుంటుందేమో అడిగించండి. నాన్‌జెన్-జి గుడి చుట్టుపక్కల యుదోఫు, అంటే వేడినీళ్ళలో ఉడికే సోయా పనీర్, వడ్డించే పాత హోటళ్ళు ఉన్నాయి. కుండలోది మంచిదే, నంచుకునే సాస్‌లో మాత్రం దాషి ఉండొచ్చు. ఉత్త సోయాసాస్ అడిగితే ఇస్తారు. కియోమిజు వాలు మీద యత్సుహాషి రుచికి ముక్కలు పెడతారు. బియ్యప్పిండి, దాల్చినచెక్కతో చేసిన పల్చని మడత, లోపల ఎర్రచిక్కుళ్ళ తీపి ముద్ద. బొబ్బట్టులో పూర్ణం తిన్న నాలుకకు అది పరాయిది కాదు. అక్టోబరులో సూపర్‌మార్కెట్లలో కాల్చిన చిలగడదుంపలు వేడిగా పెడతారు, నారా వైపు పండే కాకి పళ్ళు, అంటే పెర్సిమన్లు, వస్తాయి. వాటితో ఒక పూట గడిచిపోతుంది. టెంపురా మాత్రం చూసి మోసపోకండి, కూరగాయల మీద పూత పిండిలో గుడ్డు ఉంటుంది.

మిగిలిన పూటలకు వంటగట్టు. ఇంటినుంచి బియ్యం తీసుకెళ్ళకండి, ధ్రువపత్రం లేని బియ్యం, పళ్ళు, పచ్చి కరివేపాకు విమానాశ్రయంలోనే ఆపేస్తారు. మీ ముగ్గురి కోసం కోడి పచ్చడి సీసా పెట్టే ఆలోచన ఉంటే అదీ మానుకోండి, మాంసం ఏ రూపంలోనైనా నిషేధమే. గట్టిగా మూసిన ఆవకాయ, కందిపొడి, పులిహోర పేస్టు, ఉప్మా పొట్లాలు చాలు. అక్కడి బియ్యం జిగురుగా ఉంటాయి, పులిహోర కలిపితే ముద్దయిపోతుంది. పెరుగన్నానికి మాత్రం మన బియ్యం కన్నా బాగుంటాయి. తీపి లేని పెరుగు డబ్బా ప్రతి దుకాణంలోనూ దొరుకుతుంది.

చిన్న విషయాలు మరి కొన్ని. అత్తగారికి తాళ్ళు కట్టక్కరలేని బూట్లు, చిరగని సాక్సులు కొనండి, రోజుకు నాలుగుసార్లు విప్పాలి. గుళ్ళలో టికెట్ మనిషికి 500 నుంచి 1,000 యెన్‌ల దాకా ఉంటుంది, చాలాచోట్ల నగదే తీసుకుంటారు. రోడ్డు మీద చెత్తబుట్టలు కనబడవు, ఖాళీ సంచి ఒకటి దగ్గర పెట్టుకోండి. అక్టోబరు రెండో సోమవారం అక్కడ క్రీడాదినం సెలవు, ఆ వారాంతం మూడు రోజులూ ఊరు కిక్కిరిసి ఉంటుంది. వీలైతే క్యోటో రాత్రులను దాని తర్వాతకు జరపండి. మీ సెలవులు 22వ తేదీ దాకా సాగితే ఆ రోజు జిదాయ్ మత్సురి ఊరేగింపు ఉంటుంది, వెయ్యేళ్ళ వేషాలు వీధిలో నడుస్తాయి. నెల మొదట్లో అయితే తుపానుల తోక ఇంకా ఉంటుంది, గొడుగులు పెట్టుకోండి.

ఇప్పుడు చేయవలసింది వరుసగా చెబుతాను. తేదీలు తేల్చుకోగానే బస ఖాయం చేసుకోండి, అన్నిటికన్నా ముందు నిండిపోయేది లిఫ్టు, మంచాలు, వంటగట్టు మూడూ ఉన్న గదులే. షింకన్‌సెన్ టికెట్లు ప్రయాణానికి నెల ముందు తెరుస్తారు, అప్పుడు తమ్ముణ్ణి డి, ఇ సీట్లు పట్టమనండి. షిగెత్సుకు చెప్పడం కూడా వాడి పనే. జపనీస్ అట్టముక్కను నాలుగు కాపీలు తీయించి, ఒకటి అత్తగారి చేతిసంచిలోనే పెట్టండి. ఎక్కడైనా మీరు పక్కన లేకపోయినా తనకేం వద్దో ఆవిడే చూపించుకోగలరు.